రెండు వాకిళ్ళ మోటారు కొట్టం

కొత్తగా ఉద్యోగంలో చేరిన లైన్‌మన్ పిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. రిటైరైనవాడి దగ్గర నాలుగు పని మాటలు నేర్చుకుందామని వచ్చారేమోనని పొంగిపోయాను. తీరా చూస్తే నా పాత నడుం బెల్టు ఇంకా గట్టిగా ఉందని ఎవరో చెప్పారట, దాన్ని అడిగి తీసుకుపోదామని వచ్చారు. సరే, ఇచ్చాను. టీ తాగుతూ వాళ్ళలో ఒకడు ఒక సంగతి అడిగాడు. బత్తలపల్లె దాటి లోపలికి పోయే దారిలో, చీనీ తోటల మధ్య, అదే బత్తాయి తోటల మధ్య, బావి అంచున ఒక పాత మోటారు కొట్టం ఉంది కదా సార్, మధ్యాహ్నం మేం క్యారియర్లు విప్పేది అక్కడే, అంత చిన్న కొట్టానికి రెండు వాకిళ్ళెందుకు, అదీ ఒకటి తూర్పుకి, ఒకటి పడమటికి, అని.

వాడికి అప్పటికేదో రెండు ముక్కల్లో చెప్పి పంపాను. కానీ ఆ కొట్టం రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదు. నా సర్వీసు మొత్తంలో తిన్న తిట్లలో సగం అక్కడివే. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. స్తంభాలెక్కే పిల్లలకు ఇది పనికొస్తుందో లేదో తెలియదు, చదివితే మాత్రం నష్టం లేదు.

ముందు ఆ కట్టడం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మనుషుల సంగతి అర్థం కాదు. అక్కడ మొదట ఉన్నది కపిల బావి. ఎద్దుల జత వాలుదారిలో కిందికి నడుస్తుంటే తోలు తిత్తిలో నీళ్ళు పైకొచ్చే రోజుల మాట. బావి అంచున నాటిన రెండు నిలువు రాళ్ళు అప్పటివే. గిలక ఇరుసు ఒరుసుకుని ఒరుసుకుని వాటి తలలు అరిగిపోయి ఉంటాయి, చేత్తో తడిమితే నున్నగా తగులుతాయి.

తర్వాత ఆ ఇంటి పెద్దాయన ఆయిలు ఇంజిను కొన్నాడు. నేను చెప్పబోయే అన్నదమ్ముల తండ్రి ఆయన. నేను ఆయన్ను చూడలేదు, ఆయన కట్టిన కొట్టాన్నే చూశాను. కానీ ఆ కొట్టం చూస్తే మనిషి తెలుస్తాడు. కపిల రాళ్ళను పీకెయ్యకుండా వాటినే బావి వైపు రెండు మూలలుగా పెట్టుకుని గోడలు లేపించాడు. కొండరాయి, మట్టి అడుసు, బయటి సందులకు సున్నం. పైన వేపదూలాలు, వాటి మీద బండలు, బండల మీద చౌడుమట్టి పరిచిన మిద్దె. చౌడు మిద్దె కింద ఎంత చల్లగా ఉంటుందో ఎండలో స్తంభం దిగివచ్చి కూర్చున్నవాడికి తెలుస్తుంది. ఇంజినును ఎద్దులబండి మీద నేరుగా లోపలికి తోలుకొచ్చేటంత వెడల్పుగా తూర్పున ఒక వాకిలి పెట్టించాడు. పొగ పోవడానికి కప్పు కింద ఒక బెజ్జం. ఇంజిను పోయి ఎన్నో ఏళ్ళయినా ఆ బెజ్జం చుట్టూ గోడ నల్లగానే ఉంది.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం వేసింది బావి లోపల ఆయన చేయించిన పని. తూర్పు వైపు, కొట్టం కిందుగా, బావిలో సగం లోతున రాతిని తొలిపించి ఒక అరుగు కట్టించాడు. దాని దగ్గరికి కొట్టం లోపలి నుంచే దిగడానికి బావి గోడలోంచి రాళ్ళు పొడుచుకు వచ్చేలా పెట్టించాడు, అవే మెట్లు. ఆ అరుగుకు సరిగ్గా పైన ఒక దూలాన్ని బావి మీదికి చాచి వదిలేయించాడు, గిలక కట్టుకోవడానికి వీలుగా. ఎప్పుడో ఒకనాడు నీళ్ళు లోతుకు పోతాయి, అప్పుడు పంపును కిందికి దించుకోవాల్సి వస్తుంది అని ఆయన ముందే అనుకున్నాడన్నమాట. నీళ్ళు తగ్గుతాయని ఊహించగలిగాడు గానీ, కొడుకులు విడిపోతారని ఊహించలేకపోయాడు పాపం.

కరెంటు వచ్చింది, ఆయన కరెంటు మోటారు బిగించాడు. ఇంజిను ఒక మూల ఊరికే ఉండిపోయింది. ఆయన పోయిన కొన్నాళ్ళకు మోటారు కాలిపోయింది. తోటలో చెట్లు కాపు మీదున్నాయి. తమ్ముడు అత్తగారి ఊరు గోరంట్లకు పోయి ఉన్నాడు. అన్న ఆలోచించి మూలనున్న ఇంజినును పాత ఇనుము కింద అమ్మేసి, మోటారుకు కొత్త వైండింగు చేయించాడు.

అన్నకది ఇనుము. తమ్ముడికి ప్రాణం. హ్యాండిలు తిప్పి ఇంజిను లేపడం నాయన చిన్నప్పుడే తమ్ముడి చేయి పట్టుకుని నేర్పించాడట. ఊరి నుంచి వచ్చి చూస్తే ఇంజిను లేదు, అది కూర్చున్న చోట నూనె మరక ఉంది. నాయన సమాధి దగ్గర నిలబడి అన్నతో, నీ గడప తొక్కితే నేను నాయనకు పుట్టలే అన్నాడు. అన్న కూడా తక్కువ తినలేదు, అదే మాట తిరిగి తనూ అన్నాడు. దాయాదుల తగాదా అంటే అందరూ భూమి కోసమనే అనుకుంటారు. ఇది మాత్రం ఇంజిను కోసం. తప్పెవరిదని నన్ను అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఇద్దరి మీదా జాలే వేస్తుంది.

ఊరి పెద్దమనుషులు భూమి పంచారు, తోట పంచారు, చివరికి కొట్టం దగ్గరికొచ్చారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని తాడు పట్టి కొలిచి, సరిగ్గా నడిమధ్యన గోడ పెట్టించారు. కొలత తేడా రాలేదు. కాకపోతే తూర్పు సగంలో స్టార్టరు బోర్డు, వెడల్పు వాకిలి, బావిలోకి దిగే మెట్లు పడ్డాయి, అవి అన్నవి. పడమటి సగంలో మోటారు, పంపు పడ్డాయి, అవి తమ్ముడివి. తమ్ముడికి లోపలికి పోయే దారి లేదు కాబట్టి పడమటి గోడ పగలగొట్టి చిన్న వాకిలి తీశారు. గోడంతా లేచాక గానీ ఎవరికీ తోచలేదు, మీట ఒకరింట్లో, మోటారు ఇంకొకరింట్లో ఉందని.

మార్చుకోవచ్చు కదా అంటారు మీరు. నేను ఆ సెక్షనుకు వచ్చిన కొత్తల్లో ఆ మాటే అన్నాను. బోర్డును గోడకు అవతల పెట్టిస్తే నా హక్కు పోయినట్టే అని అన్న. మోటారును ఇవతల పెట్టిస్తే నేను ఓడిపోయినట్టే అని తమ్ముడు. మాకంటే సీనియర్ లైన్‌మన్ ఒకాయన ఉండేవాడు, ఆ కొట్టానికి పోయేటప్పుడు రెండు నాలుకలు పెట్టుకుని పో అని నాకు ముందే చెప్పాడు. నేను వినలేదు.

మరి ఇన్నేళ్ళు నీళ్ళెలా పారాయంటే, ఆడవాళ్ళ పుణ్యం. ఒట్టు పెట్టుకున్నది మొగవాళ్ళు కదా, తోడికోడళ్ళకు దానితో పని లేదు. అన్న వంతు రోజున చిన్నామె పంపులో నీళ్ళు పోసి సిద్ధం చేసి గోడ మీద రాయితో కొట్టేది. అవతల స్టార్టరు నొక్కేవాళ్ళు. తమ్ముడి వంతు రోజున పెద్దామె తన వైపున కూర్చుని, రాయి చప్పుడు వినపడగానే నొక్కేది. గోడకు అటూ ఇటూ కూర్చుని ఇద్దరూ కష్టసుఖాలు మాట్లాడుకునేవాళ్ళు కూడా. మొగుళ్ళకు తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్ళు.

ఇక ఆ కరువు సంవత్సరం సంగతి. వాన మొహం చాటేసింది. చుట్టుపక్కల బోర్లన్నీ ఒకటొకటిగా ఎండి నోళ్ళు తెరిచాయి. ఆ అన్నదమ్ములు చెరొక చోట కొత్త బోరు వేయించారు, ఇద్దరికీ దుమ్మే వచ్చింది. మిగిలింది ఆ బావి ఒక్కటే. చీనీ చెట్టు సంగతి మీకు తెలుసు. పెట్టిన ఎన్నో ఏళ్ళకు గానీ కాపు కాయదు, ఒక్క ఎండాకాలం తడి తప్పితే చేతికి దక్కదు. ఇద్దరి తోటల్లోనూ ఆకు ముడుచుకుపోతోంది, పిందె రాలుతోంది. సరిగ్గా అప్పుడే బావి మోటారు నీళ్ళు ఎత్తడం మానేసింది.

ఇద్దరూ విడివిడిగా మా ఆఫీసుకు వచ్చి నా మీద ఫిర్యాదు చేశారు. లైన్‌మన్ మా తమ్ముడికి కరెంటు ఎక్కువిస్తాండాడని అన్న. మా అన్నకు ఎక్కువిస్తాండాడని తమ్ముడు. కొత్తగా వచ్చిన ఏఈ నన్ను పిలిచి, వాళ్ళకు రెండు లైన్లు ఉన్నాయా అని అడిగాడు. లేదు సార్, ఒకే తీగ, ఒకే స్టార్టరు అన్నాను. మరి ఒకరికి ఎక్కువ ఎలా ఇస్తున్నావయ్యా అన్నాడు. ఆ విద్య నాకు తెలిస్తే మీ కుర్చీలో ఉండేవాడిని సార్ అన్నాను. ఆయన నవ్వాడు గానీ, పోయి సరిచేసి రమ్మన్నాడు.

మా కరెంటోళ్ళకు ఒక జబ్బుంది, ఏ తేడా వచ్చినా తల పైకే ఎత్తుతాం. ట్రాన్స్‌ఫార్మర్ చూశాను, ఫ్యూజులు మార్చాను, ఎండలో స్తంభాలెక్కి తీగలు కలిపే జంపర్లు బిగించాను. మోటారు గిర్రున తిరుగుతుంది, నీళ్ళు రావు. చివరికి విసిగిపోయి అన్న వైపు మెట్ల దగ్గర నిలబడి బావిలోకి తొంగి చూశాను. నీళ్ళు ఎక్కడో అడుగున మెరుస్తున్నాయి. పంపు నీళ్ళను ఎంత దూరమైనా నెడుతుంది గానీ, కింది నుంచి పీల్చుకోవడానికి దానికొక హద్దుంది. నీళ్ళు ఆ హద్దు దాటి కిందికి పోయాయి. కరెంటు తప్పేం లేదు. పంపును కిందికి, పెద్దాయన కట్టించిన అరుగు మీదికి దించాలి, అంతే.

అంతే అనుకున్నాను గానీ, అసలు చిక్కు అక్కడే ఉంది. మోటారు తమ్ముడి సగంలో ఉంది, అరుగు మెట్లు అన్న సగంలో ఉన్నాయి. కూలీలతో మోటారును చుట్టూ తిప్పి దించవచ్చు. కానీ దించిన తర్వాత రోజూ ఆ అరుగు మీదికి దిగి పంపులో నీళ్ళు పోసేదెవరు? జారుడు మెట్ల మీద ఆడవాళ్ళను దింపలేం. తన మోటారు మీద తమ్ముడు అన్న చెయ్యి పడనివ్వడు, కాబట్టి తనే దిగాలి. దిగాలంటే అన్న వాకిట్లోంచి పోవాలి. ఒట్టు అడ్డం.

అన్న దగ్గరికి పోయి చెప్పాను. "వాన్ని అడగమను, దావ ఇస్తా" అన్నాడు. తమ్ముడి దగ్గరికి పోయాను. "ఇస్తానని ఆయప్పను చెప్పమను, అప్పుడు అడుగుతా" అన్నాడు. అటూ ఇటూ తిరిగి నా చెప్పులు అరిగాయి గానీ మాట ముందుకు కదల్లేదు. అటు చూస్తే చెట్లు. పొద్దునకూ సాయంత్రానికీ తేడా తెలిసేటట్టు వాడిపోతున్నాయి. తమ్ముడు ఎండిన పిందెలు ఏరి గంపలో పోసుకుంటూ ఉండేవాడు. అన్న పొద్దస్తమానం తోటలోనే కూర్చునేవాడు, అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. నాకు కోపం వచ్చింది. మీ పంతం తగలెయ్య, చెట్లేం పాపం చేశాయి అని ఇద్దరినీ చెడామడా తిట్టాలనిపించింది. వాళ్ళ ముఖాలు చూసి తిట్టలేకపోయాను.

ఎప్పటికైనా మోటారు కదలక తప్పదని, మర్నాడు స్టార్టరు వైరు విప్పి పెడదామని పొద్దున్నే కొట్టానికి పోయాను. పైపులు విప్పడానికి ధర్మవరం నుంచి మెకానిక్కు కూడా వచ్చి కూర్చున్నాడు, ఎవరు పిలిచారో చెప్పడు. పెద్దామె వాకిట్లో నిలబడి ఉంది. అన్నదమ్ముల మధ్య నా రాయబారం ఎలా ముగిసిందో చెబితే విని ఆమె అంది.

"గడప తొక్కనని కదప్పా ఈయప్పలు ఒట్టు పెట్టుకునింది. గోడకు గడప యాడుండాది? మద్దెన గోడ పగలగొడితే అది వాకిలీ కాదు, గడపా కాదు. మా మామ కూడా ఏమీ అనుకోడు."

నేను నోరు తెరిచేలోపలే గడ్డపార తీసుకుని గోడకు ఒకటి వేసింది. అవతలి నుంచి కూడా దెబ్బ వినపడింది. చిన్నామె అటు వైపున మొదలుపెట్టింది, అంటే ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు. నడిమి దూలం ఏనాడో కుంగి ఆ గోడ మీద కూర్చుని ఉందని నాకు తెలుసు, గోడ పోతే మిద్దె మీద పడుతుంది. ఆగండమ్మా అని అరుస్తూ లోపలికి దూరి పైకి చూశాను. దూలం కింద అన్న వైపున కొత్తగా నరికిన వేపమొద్దు ఒకటి ఆనించి ఉంది. పడమటి వైపుకి పరుగెత్తి చూశాను. అక్కడా ఒక మొద్దు ఆనించి ఉంది, మొదలు దగ్గర రాళ్ళు కొట్టి గట్టిగా బిగించి ఉంది.

అన్నదమ్ములు ఎవరికి వాళ్ళే పెట్టుకున్నారు. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియదు. గోడ పడాలని ఇద్దరికీ ఉంది, పడగొట్టమని అనడానికే ఇద్దరికీ నోరు రాలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మనిషి దూరేటంత సందు చేద్దామని ఆడవాళ్ళ ఉద్దేశం. కానీ మట్టి అడుసుతో కట్టిన గోడ, అడుగు రాళ్ళు కదలగానే మొత్తం గోడే కూలింది. కొట్టం నిండా దుమ్ము లేచింది. దుమ్ము కాస్త అణిగాక చూస్తే అటు వాకిట్లో తమ్ముడు, ఇటు వాకిట్లో అన్న. ఇద్దరి తలలూ మట్టి కొట్టుకుని ఒకేలా ఉన్నాయి. ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దామె, చూసింది చాలు, పని కానీండి అంది.

తమ్ముడు కూలిన రాళ్ళ మీదుగా నడిచి అన్న సగంలోకి వచ్చి, మెట్ల మీదుగా బావిలోకి దిగి అరుగు మీద నిలబడ్డాడు. నాయన చాచి వదిలిన దూలానికి గిలక కట్టాం. మోటారుకు మోకు వేశాం. మోకు పట్టింది అన్న. నేను అంచున నిలబడ్డాను. తమ్ముడు కింది నుంచి నాతో, వదలమనప్పా, అంటాడు. నేను తిరిగి అన్నతో, వదులప్పా, అంటాను. మెల్లగా అనమను అని కింది నుంచి. మెల్లగానే వదులుతాండానని చెప్పు అని పైనుంచి. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడుతూనే ఉంది, నేను లేకుండా మాత్రం ఒక్క మాటా కదలదు. ఆ రోజు నేను మోసినన్ని మాటలు మా ఆఫీసు ఫోను కూడా మోసి ఉండదు.

మోటారు అరుగు మీద కూర్చుంది. మెకానిక్కు పైపులు కలిపాడు. నేను తీగ కిందికి లాగి కనెక్షన్ ఇచ్చాను. తమ్ముడు పంపులో నీళ్ళు పోసి రాయితో పైపు మీద కొట్టాడు. అన్న స్టార్టరు నొక్కాడు. కాసేపు గాలి బుసబుసమంది, తర్వాత ఎర్రమట్టి నీళ్ళు, తర్వాత తెల్లటి నీళ్ళు. ఆ రోజు ఎవరి వంతో ఎవరూ అడగలేదు. నీళ్ళు రెండు తోటల కాలువల్లోకీ మళ్ళించారు. చెట్ల పాదుల్లోకి నీళ్ళు దిగుతున్న చప్పుడు వింటూ ఆ ఇద్దరు ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుండిపోయారు. నాకు చాలా సంతోషంగా అనిపించింది. అందరి చెట్లూ దక్కలేదు, కొన్ని అప్పటికే పోయాయి, కానీ వానలు పడేదాకా ఆ బావి మిగతా తోటను నిలబెట్టింది.

ఇంటికి పోతూ అనుకున్నాను, పీడ విరగడైంది, ఇక ఆ గోడ లేదు, కొట్టం మళ్ళీ ఒకటైంది అని. మా సీనియర్ లైన్‌మన్‌కు ఈ కథంతా గొప్పగా చెప్పాను కూడా. ఆయన తల ఊపి ఊరుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే స్టార్టరు వేడెక్కుతోందేమో చూడటానికి కొట్టానికి పోయాను. లోపలి నుంచి రాయి మీద రాయి పెడుతున్న చప్పుడు వినపడింది. తొంగి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. అన్నదమ్ములిద్దరూ గోడ కడుతున్నారు. కూలిన గోడను, అదే వరసలో, అదే చోట. బావి వైపున మాత్రం ఒక మనిషి పట్టేటంత సందు వదిలి, మిగతాదంతా మొల ఎత్తుకు లేపేశారు. తమ్ముడు అటు పక్క నిలబడి పేరుస్తున్నాడు. అన్న ఇటు పక్క నుంచి రాళ్ళు అందిస్తున్నాడు.

నేను వాకిట్లోనే ఆగిపోయాను. తమ్ముడు ఒక రాయి పెట్టి, సరిపోక తీసి, ఈ పక్కకు చెయ్యి చూపించాడు.

"ఆ చదరం రాయి ఇయ్యి నా."

నా, అంటే అన్నా. అన్ని ఏళ్ళలో అన్నతో తమ్ముడు మాట్లాడటం నేను వినడం అదే మొదలు. అన్న ఆ రాయిని వెతికి, మట్టి దులిపి అందించాడు. అడుసు కొంచెం పలచనైంది రా, అన్నాడు. లేదులే నా, ఎండకు బిగుస్తాది, అన్నాడు తమ్ముడు. ఎప్పుడూ మాటలు ఆగనట్టే మాట్లాడుకుంటున్నారు.

నేను ఉండబట్టలేక లోపలికి పోయి అన్నను అడిగాను, పడింది పడనీకుండా యాలప్పా మళ్ళా లేపుతాండారు, అని. ఆయన రాయి చేతిలో పట్టుకుని నన్ను తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు.

"గోడ లేకుంటే అంతా ఒకటే కొట్టమప్పా. వాడు వాని పని మీద వచ్చినట్ల, పోయినట్ల. గోడుండి, ఈ సందులో దూరి వచ్చినాడనుకో, నా కాడికి వచ్చినట్ల."

తమ్ముడు ఆ మాట విన్నాడో లేదో తెలియదు. తల ఎత్తకుండానే గోడ మీదుగా చెయ్యి చాపి, ఇంకో రాయి ఇయ్యి నా, అన్నాడు.